జాయింట్ రిటర్న్ మీద నేనెందుకు సంతకం పెట్టనంటే

2025 బడ్జెట్‌కి ముందు చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ప్రభుత్వానికి చాలా సూచనలు ఇచ్చారు. భార్యాభర్తలు ఇష్టమైతే ఇద్దరి ఆదాయం కలిపి ఒకే ఆదాయపు పన్ను రిటర్న్ (అదే జాయింట్ రిటర్న్) వేసుకునే వీలు కల్పించమన్నది వాటిలో ఒకటి. ఆ బడ్జెట్‌లో అది రాలేదు, ప్రభుత్వం పట్టించుకోలేదు, మా బంధువులు మాత్రం బాగా పట్టించుకున్నారు. అప్పట్నుంచి ఏ పెళ్లికి వెళ్లినా, ఏ గృహప్రవేశానికి వెళ్లినా భోజనాల దగ్గర ఇదే మాట. "మీకేం మే, మీకు ఆ సౌకర్యం ముందునుంచే ఉండాది గదా, మీ ఆయన అమెరికా ఆయనే గదా, ఇద్దరూ కలిపి వేసుకుంటే సగానికి సగం మిగిలిపోతుందంట!" ఈ 'అంట' ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలుసు. మా పెద్దమ్మ కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, వాడు వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ అది.

మేం అలా వేయం. వేయకూడదనే నా పట్టుదల. ఎదురుగా చెబితే "నీకెందుకు తెలుస్తుందిలే" అని కొట్టిపారేస్తారు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా.

మా సంగతి క్లుప్తంగా: మా ఆయన అమెరికా పౌరుడు, ఇక్కడ ఎన్నాళ్లైనా ఉండనిచ్చే ఓసీఐ కార్డు ఉంది, మాతోపాటు తిరుపతిలోనే కాపురం. అమెరికాలోని ఒక కంపెనీకి కాంట్రాక్టు మీద ఇంటినుంచే పని చేస్తాడు. నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఒక పాప. పాకాల పక్కన మా నాయన నా పేరున రాసిన మామిడి తోట కొంచెం ఉంది. అమెరికా పౌరుడు భూమ్మీద ఎక్కడున్నా ఆ దేశానికి రిటర్న్ వేయాల్సిందే అన్నది కొత్త సంగతేం కాదు కాబట్టి అది వదిలేస్తా.

డల్లాస్ లెక్క తప్పు కాదు

ముందు వాడి పక్షాన మాట్లాడతా, ఎందుకంటే వాడు చెప్పింది అబద్ధం కాదు. అమెరికా పౌరుడో, గ్రీన్ కార్డు ఉన్నవాడో పరాయి దేశంలో ఉన్న మనిషిని పెళ్లి చేసుకుంటే, అక్కడి చట్టం ఆ రెండో మనిషిని లెక్కలోకి తీసుకోదు. అయితే ఇద్దరూ సంతకాలు పెట్టి 'ఈమెను కూడా మీ దేశవాసిగానే చూడండి' అని ఒక కాగితం జతచేస్తే చూస్తుంది. అప్పుడు జాయింట్ రిటర్న్ వేసుకోవచ్చు. 2025 సంవత్సరానికి విడిగా వేసేవాడికి స్టాండర్డ్ డిడక్షన్, అంటే పన్ను లెక్కకి ముందే ఆదాయంలోంచి తీసేసే మొత్తం, 15,750 డాలర్లు, ఇద్దరూ కలిస్తే 31,500. అక్కడ జీతం తీసుకుంటూ 22 శాతం శ్లాబులో ఉన్నవాడికి ఆ ఒక్క తేడా మీదే సుమారు 3,465 డాలర్లు మిగులుతాయి, శ్లాబులు పెద్దవి కావడం దానికి అదనం. వాడి తమ్ముడికి ఈ మధ్యే పెళ్లయింది, అమ్మాయి వీసా కోసం చిత్తూరులో పుట్టింట్లో ఎదురుచూస్తోంది, ఉద్యోగం లేదు. అలాంటి జంటకి నేనైనా జాయింటే వేసుకోమంటాను. రేపు ఆమె అక్కడికి వెళ్లాక ఎలాగూ ఆ దేశవాసే అవుతుంది, ఒక ఏడాది ముందు అయినట్టు లెక్క.

దీని బదులు కొందరు తెలిసీ తెలియక 'సింగిల్' అని పెట్టేస్తుంటారు, పెళ్లాం ఇండియాలో ఉంది కదా, ఎవరికి తెలుస్తుందిలే అని. డిసెంబర్ 31 నాటికి పెళ్లయి ఉంటే సింగిల్ కుదరదు. గ్రీన్ కార్డు ఇంటర్వ్యూకి పెళ్లి సర్టిఫికెట్టూ పన్ను కాగితాలూ ఒకే ఫైల్లో పెట్టి ఇచ్చినప్పుడు అది బయటపడుతుంది.

అలాగని డల్లాస్ లెక్క తెచ్చి తిరుపతిలో వేస్తే కుదరదు. వాళ్లకి పన్ను పడేది ఒకే దేశంలో, మాకు రెండు దేశాల్లో. మిగులు ఎక్కడినుంచి వస్తుందో చూడకుండా 'సగం' అనేస్తే ఎలా?

మిగలడానికి అక్కడ ఏముంది

మా ఆయన ఇక్కడ కూర్చుని సంపాదించినదానికి ముందుగా పన్ను వేసేది మన దేశం. ఏడాదిలో 182 రోజులు దాటి ఇక్కడే ఉంటాడు, పనీ ఇక్కడే చేస్తాడు, కంపెనీ ఎక్కడిదన్నది దానికి అడ్డురాదు. ఇక్కడ కట్టినదాన్ని అమెరికా రిటర్న్‌లో చూపించి అంతమేరకు అక్కడి ఆదాయపు పన్ను తగ్గించుకోవచ్చు. లేదా విదేశంలో ఉండి సంపాదించిన డబ్బును 2025లో అయితే 1,30,000 డాలర్ల వరకు పన్ను లెక్కలోకి రాకుండా పక్కన పెట్టేయనిస్తారు. ఏ దారి పట్టినా అక్కడి ఆదాయపు పన్ను మా ఆయన విషయంలో సున్నాకో, సున్నా దగ్గరికో వస్తుంది. లేని పన్నులో సగం మిగిలితే ఎంత మిగిలినట్టు?

అసలు నొప్పి ఇంకోచోట ఉంది. సొంతంగా పనిచేసుకునేవాడు కాబట్టి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (అక్కడి పింఛను, వృద్ధుల వైద్యం పథకాలు) కింద 15.3 శాతం కట్టాలి. పక్కన పెట్టుకునే సౌకర్యం దీనికి పనికిరాదు, ఇక్కడ కట్టిన పన్ను చూపించినా తగ్గదు. జర్మనీతో, జపాన్‌తో అమెరికాకు ఈ విషయంలో ఒప్పందాలున్నాయి, ఒక దేశంలో కడితే రెండో దేశంలో కట్టక్కర్లేదు. మనతో అలాంటి ఒప్పందం లేదు. ఇన్ని లక్షలమంది మనవాళ్లు అక్కడ ఉండి కూడా ఎందుకు లేదో నాకు అర్థం కాదు, అది వేరే పోస్టు. జాయింట్‌గా వేసినా ఈ 15.3లో ఒక్క పైసా తగ్గదు. పైగా జాయింట్ రిటర్న్ మీద సంతకం పెట్టిన ఇద్దరూ ఆ రిటర్న్‌లోని మొత్తం పన్నుకీ బాధ్యులు. ఎవరి వాటాకి వాళ్లని కాదు, మొత్తానికి. అంటే మా ఆయన లెక్కలో ఏదైనా తేడా వస్తే, ఆ దేశంలో ఓటు లేని, ఉద్యోగం చేయని నేను కూడా ఆ ప్రభుత్వానికి బాకీదారునవుతాను. డబ్బు మిగలకపోగా ఈ బాధ్యత నెత్తిన పెట్టుకోవడం దేనికి?

తోట సంగతి

ఆ కాగితం మీద సంతకం పెడితే, అది వర్తించే ఏడాది మొదటినుంచి నా ఆదాయం మొత్తం, ఎక్కడిదైనా సరే, అమెరికా రిటర్న్‌లోకి వెళ్తుంది. జీతం సంగతి పర్లేదు, మా ఆయన డబ్బులాగే దాన్నీ పక్కన పెట్టుకోవచ్చు. మిగతావే చిక్కు. పీపీఎఫ్ వడ్డీ మన దగ్గర పన్ను లేనిది, అక్కడ మామూలు వడ్డీయే. మ్యూచువల్ ఫండ్లు అయితే మరీ ఘోరం. మన ఫండ్లన్నీ వాళ్ల దృష్టిలో విదేశీ పెట్టుబడి కంపెనీలు, ఒక్కో ఫండ్‌కి ఒక్కో ఫారం, లాభం వస్తే ఏళ్ల తరబడి వెనక్కి లెక్కగట్టి వడ్డీతో సహా అడిగే పద్ధతి. నెలకింతని నేను కట్టుకుంటున్న సిప్‌లకి అంత తతంగమా?

తర్వాత తోట. తోతాపురి చెట్లు, ఏటా కాయ మీదే గుత్తకిస్తాం. వ్యవసాయ ఆదాయానికి మన దగ్గర పన్ను లేదు, రిటర్న్‌లో రాయాలి, మిగతా ఆదాయానికి రేటు తేల్చేటప్పుడు కలుపుతారు, అంతే. అమెరికాకు ఆ మినహాయింపు తెలియదు, దానికి అదీ ఆదాయమే. ఇక్కడ పన్నే కట్టలేదు కాబట్టి అక్కడ చూపించి తగ్గించుకోవడానికీ ఏమీ ఉండదు. 2025 వేసవిలో తోతాపురి ధర ఎలా పడిపోయిందో మా పక్కవాళ్లకి గుర్తుచేయక్కర్లేదు. ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలివ్వాలి, పైన 4 రూపాయలు ప్రభుత్వం కలుపుతుంది అని ప్రకటించాల్సి వచ్చిన ఏడాది అది. దామలచెరువు మార్కెట్ దగ్గర ట్రాక్టర్లు బారులు తీరి నిలబడ్డ ఏడాది. ఆ తోట డబ్బుని డాలర్లలోకి మార్చి వాషింగ్టన్‌కి లెక్క చెప్పడమా?

ఇక్కడ మా ఆయనే నాకు అడ్డం వచ్చాడు, న్యాయంగానే. "31,500 డిడక్షన్ ఉంటుంది కదా, మీ తోట డబ్బు, వడ్డీ అన్నీ కలిపినా అందులోనే పోతాయి, పన్నేమీ పడదు" అన్నాడు. కూర్చుని లెక్కేసుకున్నాం. నిజమే, చాలా ఏళ్లలో పడదు. అయినా నా అభిప్రాయం మారలేదు. పన్ను పడకపోయినా చెప్పడం తప్పదు. ఏటా నా ఖాతాలు, ఫండ్లు, నాయన ఇచ్చిన భూమి మీద రాబడి, అన్నీ ఆ దేశపు కాగితాల్లోకి ఎక్కాలి. అందుకు బదులుగా మాకు వచ్చేదేమిటని అడిగితే ఆయన దగ్గర కూడా జవాబు లేదు. ఇంకోటి, ఒకసారి ఒప్పుకున్నాక అది ఏటేటా దానంతటదే నడుస్తుంది. వద్దని రద్దు చేసుకుంటే ఇక ఇద్దరికీ జన్మలో మళ్లీ ఆ అవకాశం లేదు. ఎప్పుడైనా నిజంగా అవసరపడొచ్చు కాబట్టి, అవసరం లేని ఏడాది దాన్ని వాడేయడం నాకు ఇష్టం లేదు.

"అల్లుడికి పెళ్లి కాలేదంటనా?"

విడిగా వేస్తే నష్టాలు లేవా అంటే ఉన్నాయి. పాప పుట్టకముందు మా ఆయన 'పెళ్లయింది, విడిగా వేస్తున్నా' అనే వరుసలో వేసేవాడు. నాకు అక్కడి నంబరు లేదు కాబట్టి భార్య నంబరు రాసే గడిలో 'ఎన్ఆర్ఏ' అని మూడక్షరాలు, ఆ దేశవాసి కాని విదేశీయురాలు అని. ఆ వరుసలో ఉన్నవాడికి చదువు కోసం చేసిన అప్పు మీద వడ్డీ తగ్గింపు ఇవ్వరు, మామూలుగా 2,500 డాలర్ల దాకా ఇచ్చేది. రోత్ అనే రిటైర్మెంట్ ఖాతాలో దాచుకునే వీలు కూడా దాదాపు పోయినట్టే. ఇంకో చోద్యం, పెళ్లికాని మనిషికి వేలల్లో ఆదాయం దాటితేగానీ రిటర్న్ అక్కర్లేదు, ఈ వరుసలో ఉన్నవాడికి 5 డాలర్ల ఆదాయం ఉన్నా వేయాలి. ఐదే. అలిపిరి దగ్గర ఇద్దరం టిఫిన్ చేసి కాఫీ తాగితే అయిపోయే డబ్బు. విడిగా వేసేవాళ్ల మీద ఆ చట్టానికి ఎంత అనుమానమో చూడండి.

పాప పుట్టాక దారి మారింది. పాపకీ అక్కడి పౌరసత్వం ఉంది. విదేశీ భార్య ఉండి, ఆమెను దేశవాసిగా చూపించకపోతే, పిల్లతో కలిసి ఉంటూ ఇంటి ఖర్చులో సగానికి పైగా తనే పెట్టుకునే అమెరికా పౌరుణ్ని 'ఇంటి పెద్ద' వరుసలో వేసుకోనిస్తారు. 2025కి ఆ డిడక్షన్ 23,625. పాప ఉన్నందుకు పన్నులో ఇచ్చే తగ్గింపుకీ (క్రెడిట్) జాయింట్ అక్కర్లేదు. ఈ సౌకర్యం ఇవ్వడానికి చట్టం పట్టిన దారి తమాషాగా ఉంటుంది, ఈ పనివరకు అతన్ని పెళ్లికానివాడిగా లెక్కిస్తుంది. మా ఆయన ఆ వాక్యం పైకి చదివి నవ్వుతుంటే మా అమ్మ వంటింట్లోంచి విని, చేతులు తుడుచుకుంటూ వచ్చి "ఏందీ, అల్లుడికి పెళ్లి కాలేదంటనా? వాళ్లెవురు చెప్పేదానికి? రిజిస్టర్ ఆఫీసు కాగితం పంపించండి వాళ్లకి!" అని గొడవ. నెల రోజులు నోటీసు బోర్డు మీద పేర్లు వేలాడదీసి చేసుకున్న పెళ్లి మాది, స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద. ఆ నెలంతా ఎవరు చూస్తారో, ఎవరేమంటారో అని అమ్మ పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు, ఇప్పుడు ఆ పెళ్లే లేదంటే ఊరుకుంటుందా! అమ్మకి సర్దిచెప్పాం కానీ, ఇంటి ఖర్చు ఎవరు ఎంత పెడుతున్నారన్నది తేల్చడానికి ఆ రాత్రి నేనూ మా ఆయనా గట్టిగానే వాదించుకున్నాం. అద్దె, కరెంటు, ఇంట్లో తిండి లెక్కలోకి వస్తాయి, పాప స్కూలు ఫీజూ బట్టలూ ఆసుపత్రీ రావు. స్కూలు ఫీజు నేను కడతాను, అద్దె ఆయన కడతాడు. అందువల్ల ఆయనే ఇంటి పెద్ద అయ్యాడు. ఆ బిరుదు నాకేం నచ్చలేదని కూడా ఇక్కడే రాసేస్తున్నా.

నమ్మకం గురించి అడిగేవాళ్లకి

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే మాట డబ్బు గురించి కాదు. మా అక్క ఒకరోజు అడిగింది, "రిటర్న్ వేరే, బ్యాంకు ఖాతా వేరే, అట్లయితే మీరిద్దురూ యాడ కలిసున్నట్టు?" అని. దానికి ఎప్పుడూ తడుముకుంటూనే ఉంటాను. మా ఇళ్లల్లో పెళ్లయ్యాక ఖాతాలో ఇద్దరి పేర్లు ఉండటమే మర్యాద. నేను నా జీతం ఖాతాలో ఆయన్ని నామినీగా పెట్టాను, జాయింట్‌గా పెట్టలేదు. బ్యాంకు కౌంటర్లో అమ్మాయి కూడా రెండుసార్లు అడిగింది, "హస్బెండే కదా మేడమ్, జాయింట్ పెట్టేయమంటారా?" అని.

జాయింట్ పెడితే ఏమవుతుందంటే, 2015లో మన దేశం అమెరికాతో చేసుకున్న ఒప్పందం ప్రకారం అక్కడి పౌరుల పేరున్న ఖాతాల వివరాలు ఇక్కడినుంచి వెళ్తాయి. విదేశాల్లోని ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఆయన అమెరికాకి వేరే రిపోర్టు ఇవ్వాలి. జాయింట్ ఖాతా అయితే అందులో ఆయన డబ్బు రూపాయి లేకపోయినా మొత్తం నిల్వ ఆ లెక్కలోకి వస్తుంది. తెలియక మానేసినా జరిమానా వేలల్లోనే. అది ఖాతాకి ఇంత కాదు, రిపోర్టుకి ఇంత అని వాళ్ల సుప్రీంకోర్టు 2023లో తేల్చేదాకా ఇంకా భయంకరంగా ఉండేది. పాప పేరున మా నాయన వేసిన డిపాజిట్‌కీ ఇదే రూలు, పాప పౌరురాలు కదా.

ఇవన్నీ చెబితే అక్క "అయితే సరేలే" అంటుంది గానీ, ఒప్పుకోదు. నాక్కూడా పూర్తిగా ఒప్పుదల లేదు, నిజం చెప్పాలంటే. రేపు ఆయనకేదైనా అయితే, నాకేదైనా అయితే, ఈ వేర్వేరు ఖాతాలతో తిరిగేది మాలో మిగిలినవాళ్లే. నామినీ కాగితం ఎంతవరకు ఆదుకుంటుందో మా నాయన పోయినప్పుడు అమ్మ పడ్డ తిరుగుడు చూశాను. కాబట్టి ఇందులో నష్టం లేదని అనను. కానీ ఆ నష్టానికి మందు అమెరికా రిటర్న్ మీద నా సంతకం కాదు, ఇద్దరం వీలునామాలు రాసుకోవడం. ఆ పని చేశాం.

మన చట్టం ఈ విషయంలో నాకు నచ్చుతుంది, విచిత్రంగా. మా ఆడిటర్ గారు మొదటి ఏడాదే చెప్పారు, "మేడమ్, మన ఇన్‌కమ్ ట్యాక్స్‌కి మీ పెళ్లితో పనిలేదు, ఎవరి పాన్ వాళ్లది, ఎవరి రిటర్న్ వాళ్లది" అని. తర్వాత ఒక్క క్షణం ఆగి, "ఆయన మీకు డబ్బిచ్చి మీరు ఎఫ్‌డీ వేస్తే తప్ప. అప్పుడు ఆ వడ్డీ ఆయన లెక్కలోకే వస్తుంది" అన్నారు. భార్యాభర్తలు ఒకటే అని మన చట్టానికి గుర్తొచ్చేది అనుమానం వచ్చినప్పుడే. ఒక్కరే సంపాదించే ఇళ్లకి ఈ పద్ధతి భారమే, ఇన్‌స్టిట్యూట్ వాళ్ల సూచన అలాంటివాళ్లకి నిజంగా మేలు చేసేదే. వస్తే రానీ. ఒకే దేశంలో బతికే ఇద్దరికి అది మంచిదైతే, రెండు దేశాల మధ్య ఇరుక్కున్న ఇద్దరికీ మంచిదని మాత్రం అనకండి.

ఇది రాస్తున్న మధ్యలోనే చిత్తూరు అమ్మాయి ఫోన్ చేసింది, డల్లాస్ వాడి మరదలు. జాయింట్‌కి ఆమెకి అక్కడి పన్ను నంబరు కావాలి, దానికి ఒరిజినల్ పాస్‌పోర్టు టెక్సాస్‌లోని ఆస్టిన్‌కి పంపమన్నారట, వీసా ఇంటర్వ్యూ తేదీ ఎప్పుడొస్తుందో తెలియని టైములో. పంపొద్దు, పాస్‌పోర్టు చూసి ధ్రువీకరించే అధికారమున్న ఏజెంట్లు ఉంటారు, వాళ్లద్వారా వేయమని చెప్పాను. పెట్టేయబోతూ, నీ పేరున ఆదాయం ఏమీ లేదు కదా అని అడిగాను. లేదక్కా అంది. వడ్డీ కూడా? అంటే, "నాయన నా పేరున వేసిన ఎఫ్‌డీ ఉంది, అది నాయనది గదా" అంది. నీ పాన్ మీద ఉంటే నీదే, జాయింట్ వేస్తే అది కూడా రాయాలి అన్నాను. ఆ మాట ఆమె మొగుడికి చెప్పింది, మొగుడు మామగారికి చెప్పాడు, మామగారు నాకు ఫోన్ చేసి "అమెరికా వాళ్లకి నా ఎఫ్‌డీతో ఏం పని మ్మా?" అని అరగంట అడిగారు. వాళ్లింట్లో ఇంకా తేలలేదు. అక్టోబర్ 15 దాకా గడువు తీసుకున్నారట.